ఆన్‌లైన్ పరీక్షలో అనవసరపు ఆందోళన

అధ్యాపక మిత్రులకు నమస్కారం.

పరీక్ష అన్నాక కొంత కంగారు ఉండనే ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడిచేయమని నేను అడగడం లేదు. చదివిన సూత్రం గుర్తుకు రాక పడే కంగారు పాఠానికి సంబంధించినది. పెట్టిన జవాబు నమోదైందో లేదో తెలియక పడే కంగారుకు పాఠంతో సంబంధమే లేదు. ఈ రెండోదానికి బాధ్యులం పరీక్షను రూపొందించే మనమే.

మన పిల్లలు ఎరిగిన ఉదాహరణే చూద్దాం. ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) ఆంధ్రప్రదేశ్‌లో 2017లో, తెలంగాణలో 2018లో కంప్యూటర్ మీదికి మారింది, 2019లో జేఈఈ మెయిన్ కూడా పూర్తిగా మారింది. జేఈఈ సూచనల్లో ఒక హెచ్చరిక ఉంటుంది: జవాబు ఎంచుకున్నాక ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కకుండా, పక్కనున్న ప్రశ్న సంఖ్య నొక్కి వేరే ప్రశ్నకు వెళితే ఆ జవాబు నమోదు కాదు. నిబంధన స్పష్టంగానే ఉంది గానీ, మూడు గంటలు లెక్కలతో కుస్తీ పట్టే విద్యార్థి దాన్ని కూడా మనసులో ఒక మూల మోస్తూ ఉండాలి. ఎంచుకున్న మరుక్షణమే జవాబు దానంతటదే నమోదై, ఆ మాట తెర మీద చిన్న అక్షరాల్లో కనిపిస్తే ఈ బరువు ఉండదు. చాలా కళాశాలలు వాడుతున్న మూడిల్ అనే ఆన్‌లైన్ బోధనా వేదికలో జవాబులు మధ్యమధ్య వాటంతటవే భద్రమవుతాయి. గడువు ముగియగానే రాసినంతవరకు సమర్పించే ఏర్పాటూ ఉంది. ఆ సంగతి విద్యార్థికి ముందే తెలియకపోతే మాత్రం, అతని ఆందోళన మేరకు ఆ ఏర్పాటు లేనట్టే.

గడియారం విషయంలో నాది కాస్త కటువైన అభిప్రాయం. ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. అది ర్యాంకుల పోటీ కనుక వేగం కూడా కొలతలో భాగమే. వారం వారం తరగతిలో పెట్టే పరీక్షకు అదే ఒత్తిడిని అరువు తెచ్చుకోవడం ఎందుకు? సెకన్లు తరిగిపోతూ కనిపించే టైమర్‌ను విద్యార్థి దాచుకునే వీలుండాలి, చివరి పది నిమిషాలప్పుడు ఒక్కసారి గుర్తుచేస్తే చాలు. కాపీని ఆపాలని వెనక్కి వెళ్లే దారి మూసేయడం మరీ అన్యాయం. ప్రశ్నల బ్యాంకు నుంచి ఒక్కొక్కరికి వేర్వేరు ప్రశ్నలు ఇస్తే ఆ పని అంతకంటే బాగా జరుగుతుంది.

తక్కువ మార్కుల పరీక్షలు తరచుగా పెట్టడం వల్ల భయం తగ్గడం ఒక్కటే ప్రయోజనం కాదు. చదివినదాన్ని మళ్లీ చదివినవారికంటే, దాని మీద పరీక్ష రాసినవారికే వారం తర్వాత ఎక్కువ గుర్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రయోగపూర్వకంగా చూపించారు.

ఇక ఇంటి నుంచి, ఫోన్‌లో రాసేవారి సంగతి. నెట్ తెగితే ఎవరికి చెప్పాలి, పోయిన సమయం తిరిగి ఇస్తారా, మళ్లీ లాగిన్ అయితే పాత జవాబులు ఉంటాయా అనే మూడు ప్రశ్నలకు సమాధానాలు పరీక్షకు వారం ముందే తెలుగులో రాసి పంపండి. అదే తెరతో, మార్కులు లేని నమూనా పరీక్ష ఒకటి పెట్టి, అందులో ఒకసారి కావాలనే నెట్ ఆపి చూడమనండి.