వేలికి తగిలే శుభాకాంక్షలు

అందరికీ నమస్కారం. నరసాపురంలో ఈ విషయం చెప్పడం నాకు సులువు. లేసు అల్లే ఇళ్లలో పుట్టి పెరిగిన మీకు, నూలుపోగుతో పువ్వు ఎలా పైకి లేస్తుందో నేను వివరించనక్కర్లేదు. కాగితం మీద కూడా అలా లేపవచ్చు. దాన్నే ఎంబాసింగ్ అంటారు. ఈ రోజు దానితో శుభాకాంక్షల కార్డులు చేద్దాం.

1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయనకు క్రిస్మస్ ఉత్తరాలన్నీ రాసే తీరిక లేకపోయింది. చిత్రకారుడు హార్స్‌లీ చేత బొమ్మ గీయించి కార్డులు అచ్చు వేయించారు. అచ్చు వేసినా, రంగులు మాత్రం చేత్తోనే అద్దారు. తీరిక లేక పుట్టిన ఆ వస్తువును ఈ రోజు మనం తీరిక చేసుకుని చేయబోతున్నాం.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న మందపాటి కాగితం) అయితే మంచిది. ఏ4 షీటును రెండుగా కోసి మడిస్తే రెండు కార్డులు వస్తాయి.

ఇక మన ప్రాంతపు అసలు ఇబ్బంది తేమ. నేను మొదటిసారి ఈ పనికి ముసురు పట్టిన రోజున కూర్చున్నాను. కొబ్బరిచెట్టు బొమ్మ ఉన్న రబ్బరు స్టాంపు అద్ది, వేడికి కరిగే ఎంబాసింగ్ పొడి చల్లి దులిపాను. చెట్టు మీద నిలవాల్సిన పొడి కాగితమంతా బూజులా అంటుకుంది. ఆ రోజు చాలా బాధపడ్డాను. పలుచని గుడ్డలో టాల్కం పౌడరు మూటగట్టి, స్టాంపు వేసే ముందు కాగితం మీద తట్టండి. ఆ బెడద దాదాపు ఉండదు.

స్టాంపుకు పిగ్మెంట్ ఇంకే వాడాలి. అది నెమ్మదిగా ఆరుతుంది, ఆ తడికే పొడి పట్టుకుంటుంది. త్వరగా ఇంకిపోయే డై ఇంకు ఇక్కడ పనికిరాదు. తర్వాత హీట్ గన్, అంటే బాగా వేడి గాలి ఊదే పరికరం, కావాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు వద్దు. దాని గాలికి పొడి ఎగిరిపోతుంది గానీ కరగదు. వేడి తగిలాక కళ్లు తిప్పుకోకండి. గరుకుగా ఉన్న పొడి ఒక్కసారిగా కరిగి, పాకంలా నిగనిగలాడుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. మెరుపు రాగానే పక్కకు జరపాలి. ఇంకా కాలిస్తే ఉబ్బు అణిగిపోతుంది.

ఇప్పుడు రంగులు. మీరందరూ చూసిన దృశ్యమే తీసుకుందాం: తెల్లవారుజామున మన రేవులో నిలబడితే వశిష్ఠ గోదావరి అవతల, సఖినేటిపల్లి కొబ్బరిచెట్ల వెనక సూర్యోదయం. నల్ల ఇంకుతో చెట్లు అద్ది, పారదర్శకమైన పొడితో లేపండి. ఆరాక డై ఇంకు, మెత్తని బ్రష్షు తీసుకోండి. బ్రష్షును నేరుగా కార్డు మీద పెట్టకూడదు, మచ్చ పడుతుంది. కింద పరిచిన కాగితం మీద మొదలుపెట్టి, తిరగలి తిప్పినట్టు గుండ్రంగా తిప్పుతూ లోపలికి రావాలి. ముందు పసుపు, పైన నారింజ, ఆపైన గులాబి. నారింజ మీద నీలం వేస్తే బురద రంగు వస్తుంది. వరద గోదావరి కావాలనుకుంటే అదీ బాగుంటుంది!

ఉబ్బిన చెట్ల మీద ఇంకు ఇంకదు. టిష్యూతో తుడిస్తే నలుపు మళ్లీ మెరుస్తుంది.

చూపు మందగించిన మా అమ్మమ్మకు అలాంటి కార్డు ఇచ్చాను. వేలితో తడిమి, "కొబ్బరిమట్ట కదూ?" అంది. అందుకే మీ ఇళ్లలో పెద్దవాళ్లకు చేసే కార్డుపై పేరును కూడా పొడితోనే లేపండి. మన అక్షరాల గుండ్రాలు వేలికి బాగా అందుతాయి.

రండి, కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి. కిటికీ పక్కన ఎవరూ కూర్చోవద్దు, గాలి తడిగా ఉంది.