బ్యాంకు కాగితం మిగల్చాల్సింది ఎక్కడ?

నమస్తే. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు మన తెలంగాణలో ఉన్న శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాలమూరు పెద్దమనుషులకు అది ఒకప్పటి సంగమేశ్వర బ్యాంకు, నల్గొండ వాళ్లకు నాగార్జున బ్యాంకు. ఆ పేర్లు 2006లోనే పోయాయి. బోర్డు రెండుసార్లు మారినా జనం అదే గడప తొక్కుతున్నారు. అంత నమ్మకం ఏ యాడ్ ఇస్తుంది చెప్పండి?

ఇప్పుడు ఆ నమ్మకం ఊళ్లో బ్యాంకు మిత్ర, అంటే బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే ఏజెంటు, చేతిలోని చిన్న మిషన్ మీద నిలబడింది. ఆధార్ నంబరు, వేలిముద్ర, చేతికి డబ్బు. దేవరకొండ తండాల ఆడవాళ్లకు బస్సు చార్జీ మిగులుతుంది, ఆ పూట కూలి పోదు. చాలా మంచి పని ఇది.

కానీ పత్తి ఏరి, మట్టి మోసి వేలి గీతలు అరిగిపోతాయి. మిషన్ మళ్లీ మళ్లీ పెట్టమంటుంది. ఒక్కోసారి ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, చేతికి మాత్రం రాదు. స్లిప్పు అడిగితే, "ఇప్పుడంతా పేపర్‌లెస్ అమ్మా, మెసేజ్ వస్తుంది" అంటారు. ఆ మెసేజ్ ఇంగ్లీషులో, పుణెకు కూలికి పోయిన కొడుకు ఫోన్‌కు వెళ్తుంది! ఆమె ఏం పట్టుకుని అడగాలి?

ఇది గుర్తుపెట్టుకోండి. 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది: ఇలా ఆధార్ లావాదేవీలో ఇరుక్కున్న డబ్బు 5 రోజుల్లోగా ఖాతాకు తిరిగి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం, అదీ మనం ఫిర్యాదు చేయకపోయినా సరే. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

పర్యావరణం కోసం కాగితం తగ్గించాలంటే నేను ఒప్పుకుంటాను. అయితే శాఖలోనే మొదలుపెట్టండి. భూమి రికార్డు భూభారతి పోర్టల్‌లో కనిపిస్తుంటే, పంట రుణం రెన్యువల్‌కు రైతు మళ్లీ పట్టా పాస్‌బుక్ జిరాక్సులు ఎందుకు మోయాలి? అక్కడ మిగిలే కాగితం కట్టలకు కట్టలు. కూలి చేసుకునే అమ్మ చేతిలోని బెత్తెడు స్లిప్పు దగ్గర పొదుపు వద్దు. డబ్బు ఇచ్చినా, ఫెయిల్ అయినా ఆ స్లిప్పు తెలుగులో రావాలి. 5 రోజులు, 100 రూపాయల నియమం ప్రతి బ్యాంకు మిత్ర దగ్గర గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.