మన పెరటి పాత మందారం

అందరికీ నమస్కారం. ఇంటి పనులూ పొలం పనులూ పక్కన పెట్టి ఒక పూలచెట్టు గురించి వినడానికి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

కొత్త మొక్క ఎలా నాటాలో నేను చెప్పబోవడం లేదు. అది కడియపులంకలో ఏ నర్సరీవాళ్ళనడిగినా ఓపిగ్గా చెబుతారు. మీ పెరట్లో గోడవారనో, నూతి పక్కనో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్న మందారం గురించి మాట్లాడదామని వచ్చాను. పూలు తగ్గాయనగానే దాన్ని కొట్టించేసి హైబ్రిడ్ మొక్క తెచ్చుకోవడం ఈమధ్య ఎక్కువైంది. అలా నరికిన మోళ్ళు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాటిలో చాలా చెట్లకు జబ్బేమీ ఉండదు. చెట్టు మొదలు దగ్గర నీళ్ళు నిలిచి, వేళ్ళకు ఊపిరాడక అలా అయిపోతాయి.

ముందు మీ చెట్టు ఏదో తేల్చుకోండి. మీ చేతుల్లో ఉన్న పువ్వును తిరగేసి తొడిమ వైపు చూడండి. పచ్చటి ఐదు మొనల గిన్నె ఉంది కదా, దాని కింద సన్నటి ఆకుపచ్చ ముక్కలు ఆరో ఏడో చుట్టూ ఉంటాయి. ఇప్పుడు ముందువైపు తిప్పండి. ఐదు రేకులు, మధ్యలోంచి పొడుచుకొచ్చిన గొట్టం. ఆ గొట్టం మీద పసుపుపచ్చని పుప్పొడి తిత్తులున్న కేసరాలు, చిట్టచివర ఐదు ఎర్రటి బొడిపెలు. గొట్టాన్ని గోటితో నిలువునా మెల్లగా చీల్చండి. లోపల సన్నటి తెల్లటి కాడ కనబడుతుంది. అది కింద అండాశయం దాకా వెళుతుంది. బడిలో పువ్వు భాగాలు నేర్పడానికి మందారాన్నే ఎందుకు తెప్పిస్తారో చూశారా? అన్నీ ఇంత విడివిడిగా, కంటికి ఆనేలా వేరే పువ్వులో దొరకడం కష్టం. ముద్ద మందారంలో ఈ కేసరాలే చాలావరకు రేకులుగా మారిపోతాయి, అందుకే గొట్టం సరిగ్గా కనపడదు.

1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి హైబిస్కస్ రోజా-సైనెన్సిస్ అని పేరు పెట్టాడు. బెండ, గోంగూర, పత్తి దీని చుట్టాలే. బెండపువ్వు పక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. ఈ చుట్టరికం వల్ల ఒక చిక్కుంది. పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ లాంటి పురుగులు బెండ మడిలోంచి మందారం మీదికి సులువుగా ఎక్కుతాయి. అందుకని మందారం నీడలో బెండ వేయకండి.

"మా మందారం మొగ్గ వేస్తుంది గానీ విచ్చదండీ, ఏం మందు కొట్టాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ మొగ్గ ఎర్రగా, సన్నగా, మిరపకాయలా కిందికి వేలాడుతోందా? అయితే అది మిరప మందారం. ఎంత పెద్ద చెట్టయినా దాని పువ్వు పూర్తిగా విచ్చుకోదు, దాని తీరే అంత. మందులు మానేసి తేనెపిట్టల్ని చూసుకోండి. పొద్దున తెల్లగా పూసి సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగేది ఇంకో జాతి. దాని ఆకు పెద్దగా, నూగుతో ఉంటుంది. కాలువ గట్ల మీద పసుపుపచ్చగా పూసేది గంగరావి. అదీ ఈ కుటుంబమే.

ఇక అసలు సంగతి, నీళ్ళు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి మనకు నీటి విలువ తెలిసినంతగా నీటి బరువు తెలియలేదని నా అభిప్రాయం. మన ఒండ్రుమట్టి బలమైనదే. కానీ చాలా ఊళ్ళలో కింద నల్లమట్టి ఉంటుంది, వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. పైగా ఇప్పుడు పెరడంతా సిమెంటు చేయించి, చెట్టు చుట్టూ జానెడు మట్టి వదులుతున్నాం. అంట్ల నీళ్ళూ వాషింగ్ మెషిన్ నీళ్ళూ ఆ జానెడులోకే పోతాయి. సబ్బునీళ్ళతో మట్టి క్షారం అవుతుంది, అడుగున గాలి ఆడదు. వేరు కుళ్ళడం మొదలయ్యాక ఆకు వాలిపోతుంది. వాలింది కదా అని ఇంకో బిందె పోస్తాం. నీరు తక్కువైనా, ఎక్కువైనా మందారం ఆకు ఒకేలా వాలుతుంది. కాబట్టి బిందె ఎత్తే ముందు మొదట్లో రెండంగుళాలు వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు నీళ్ళు వద్దు.

చెట్టు చుట్టూ కనీసం రెండడుగుల వెడల్పున సిమెంటు తీయించండి. ఖర్చే, కాదనను. కానీ ఎరువుల మీద పెట్టే డబ్బుకన్నా అదే పని చేస్తుంది. అంట్ల నీళ్ళు అరటి బోదెకు మళ్ళించండి. వరదకు లంకల్లో మొదలు మునిగితే, నీరు తీశాక వెంటనే ఎరువు వేయకండి. పైమట్టి కాస్త ఆరనిచ్చి గుల్ల చేసి, కొత్త చిగురు కనపడ్డాక అప్పుడు వేయండి.

సముద్రం వైపు ఊళ్ళవాళ్ళకూ, రొయ్యల చెరువుల పక్కన ఉన్నవాళ్ళకూ కష్టం ఇంకో రకంది. బోరు నీరు ఉప్పగా ఉంటే మందారం తట్టుకోలేదు, ఆకు అంచులు మాడతాయి. వాననీరు పట్టి పెట్టుకోగలిగితే అంత మంచిది లేదు.

ఆకు పసుపెక్కిందంటే ఏ ఆకో చూడాలి. కింది ముదురాకులు ఒకటీ అరా పండి రాలితే దిగులక్కర్లేదు. ముదురాకులన్నీ ఒక్కసారిగా పాలిపోతే నత్రజని చాలలేదు. ఇదిగో, ఈ రెమ్మ చూడండి. లేతాకు పసుపుపచ్చగా ఉంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీసినట్టున్నాయి. ఇది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారం వల్ల వేరు తీసుకోలేకపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం పది రోజులకు మళ్ళీ ఒకసారి కొట్టండి. సబ్బునీళ్ళు ఆపకుండా ఇది ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు.

పొలానికి తెచ్చిన డీఏపీ ఎరువు గుప్పెడు మందారానికీ విసరడం మన ఇళ్ళల్లో మామూలే. డీఏపీలో 46 శాతం భాస్వరం. మందారానికి అంత భాస్వరం పడదు, అది పేరుకుపోతే ఇనుము అందకుండా అడ్డుపడుతుంది. పూలకు పొటాష్ ముఖ్యం. బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, కొంచెం సల్ఫేట్ ఆఫ్ పొటాష్ రెండు మూడు నెలలకోసారి వేస్తే పెద్ద చెట్టుకైనా సరిపోతుంది.

చీమలు కొమ్మ మీద బారులు తీరితే వాటి వెంటే వెళ్ళి చూడండి. చివరికి చిగురు దగ్గర ఆగుతాయి. అక్కడ ఆకులు ముడుచుకుపోయి, కణుపులు దగ్గరపడి, సందుల్లో తెల్లటి పిండి. గోటితో గీకితే గులాబీ రంగు పురుగు చితుకుతుంది. అదే పిండినల్లి. అది కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి. ముడుచుకున్న చిగుళ్ళు కత్తిరించి సంచిలో మూటకట్టి పారేయాలి, పెరట్లో పడేయకూడదు. మిగిలినచోట నీళ్ళు జోరుగా కొట్టి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి చల్లండి. ఘాటు మందుల జోలికి పోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఈ పూలు అమ్మవారికి పెడతాం, నూనెలో కాచి పిల్లల తలకు రాస్తాం. పైగా నల్లిని తినే అక్షింతల పురుగులు కూడా చస్తాయి. 2008లో మన దేశంలో బయటపడిన బొప్పాయి పిండినల్లి మందారాన్నీ పట్టింది. దాన్ని మందులకన్నా బాగా అణచింది 2010లో ప్యూర్టో రికో నుంచి తెప్పించి వదిలిన చిన్న పరాన్నజీవి కందిరీగలే.

మొగ్గలు రాలుతుంటే రాలినదాన్ని చీల్చండి. లోపల సన్నటి పురుగులుంటే రోజూ ఏరి మూటకట్టి పారేయాలి, మట్టిలో దిగితే మళ్ళీ ఈగలై వస్తాయి. ఏమీ లేకపోతే ఎండ దెబ్బో, నీటి ఎద్దడో అయ్యుంటుంది. కాలువలు కట్టేసే నెలల్లో మొదట్లో కొబ్బరి డొక్కలు బోర్లా పరిస్తే తడి ఆగుతుంది. కాండానికి మాత్రం ఆనించకండి.

కత్తిరించాలంటే చాలామందికి చెయ్యి రాదు. మందారం పూసేది కొత్త చిగురు మీదే. ముదురు కొమ్మ పొడుగ్గా సాగి చివర రెండే రెండు పూలు పూస్తుందంటే కత్తెర అడుగుతోందని అర్థం. చలి తగ్గాక మాఘ ఫాల్గుణాల్లో మూడో వంతు తీయండి. బయటివైపు చూస్తున్న కణుపుకు కొంచెం పైన కోయాలి. బాగా ముసలి చెట్టయితే ఒకేసారి మోడు చేయకండి, ఏటా కొన్ని పెద్ద కొమ్మలు తీస్తూ రండి. ఒకటి రెండు నెలలు పూలు తగ్గుతాయి, కంగారు పడొద్దు. అంటుమొక్కయితే అంటు కింద నుంచి వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తుంచేయండి, లేకపోతే పైమొక్క నీరసిస్తుంది.

కోసిన కొమ్మలు పొయ్యిలోకి పోనివ్వకండి. పెన్సిలు లావువి ఏరి, జానెడు పొడవున కోసి, పై రెండాకులు ఉంచి, కింది రెండు కణుపులు ఇసుక కలిపిన మట్టిలో దిగేలా నీడలో గుచ్చండి. చిగురు రాగానే పీకి చూడకండి. కొమ్మలో దాచుకున్న బలంతోనే ముందు చిగురు వస్తుంది, వేరు ఆ తర్వాత దిగుతుంది. రెండు నెలలు కదపకుండా ఉంచి, వానలు పడ్డాక మెరక చూసి నాటండి.