గూడ్స్ రైలుకి రెండో మనిషి ఎందుకు?

"పట్టాలే తీసుకెళ్తాయి కదా, ఇద్దరెందుకండీ?" రైళ్ల వీడియో ఏది పెట్టినా కింద ఈ ప్రశ్న ఉంటుంది. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రెండో మనిషి ఉన్నది బండి నడపడానికి కాదు!

లారీ క్లీనర్‌ని తలుచుకోండి. ఘాట్ మీద లారీ ఆగితే డ్రైవర్ కాలు బ్రేకు మీద ఉంటుంది, దిగి టైరు కింద రాయి పెట్టేది క్లీనర్. మన గూడ్స్‌లో అసిస్టెంట్, గార్డు సంగతి మీకు తెలుసు. అమెరికా, కెనడాల్లో ఆ రెండో మనిషిని కండక్టర్ అంటారు.

2013 జులై 5 రాత్రి. కెనడా, క్యుబెక్‌లో నాంట్ అనే ఊరు. 72 ట్యాంకర్ల క్రూడాయిల్ బండి, మనిషి ఒక్కడే. వాలు మీద ఆపి డ్యూటీ దిగాలి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఎయిర్ బ్రేకు అంటే డ్రైవర్ కాలు. ఇంజిన్ ఆడుతున్నంతసేపూ కంప్రెసర్ గాలి నింపుతుంది, పట్టు ఉంటుంది. హ్యాండ్ బ్రేకు అంటే రాయి. వ్యాగన్ దగ్గరికి నడిచి, దానికున్న బ్రేకు చక్రాన్ని గొలుసు బిగిసేదాకా చేత్తో తిప్పాలి. దీనికి గాలితో పనిలేదు. ఒక్కో వ్యాగన్‌కీ ఇదే పని, చీకట్లో, కంకర మీద.

ఆ బరువుకి, ఆ వాలుకి కనీసం 17, బహుశా 26 దాకా కావాలని తర్వాత దర్యాప్తులో తేలింది. ఆయన బిగించినవి 7. పట్టు సరిపోతుందా అని పరీక్షించాడు కూడా. కానీ ఇంజిన్ల ఎయిర్ బ్రేకు వదలకుండా పరీక్షించాడు. అంటే కాలు తియ్యకుండానే, రాయి ఆపుతోంది అనుకున్నాడు.

తర్వాత ఇంజిన్‌లో మంట లేచింది. ఫైర్ సిబ్బంది ఆర్పి, ఇంజిన్ ఆపేశారు. గాలి మెల్లగా కారిపోయింది. అంటే కాలు తీసేసినట్టే. ఉన్న రాళ్లు చాలలేదు. బండి 11 కిలోమీటర్లకు పైగా దొర్లి, గంటకి సుమారు 105 కిలోమీటర్ల వేగంతో లాక్-మెగాంటిక్ నడిబొడ్డున పట్టాలు తప్పింది. 47 మంది చనిపోయారు.

ఇంకొకరు ఉంటే ఆగేదా? దర్యాప్తు సంస్థ ఆ మాట తేల్చలేదు, కాబట్టి నేనూ అనను. కానీ ఆ పరీక్ష చేస్తుంటే "కాలు తీసి చూడన్నా" అనడానికి పక్కన ఒకడుండాలి. నా వాదన అంతే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. అదే నెలలో కెనడా, ప్రమాదకర సరుకు బండ్లకి ఇద్దరు తప్పనిసరి అంది. అమెరికా 2016లో ప్రతిపాదించి, 2019లో వెనక్కి తీసుకుని, 2024 ఏప్రిల్‌లో ఇద్దరుండాలని రూల్ తెచ్చింది, కొన్ని మినహాయింపులతో.

"2023లో అమెరికా ఒహాయోలో, ఈస్ట్ పాలస్టీన్ ఊరి దగ్గర పట్టాలు తప్పిన గూడ్స్ బండిలో ముగ్గురున్నారుగా?" ఉన్నారు. అక్కడ కాలింది వెనకెక్కడో వ్యాగన్ బేరింగ్, క్యాబ్‌లోంచి కనపడదు. పట్టాలు తప్పాక మాత్రం వాళ్లే ముందు వ్యాగన్లకి హ్యాండ్ బ్రేకులు బిగించి, ఇంజిన్లు విడదీసి, మంటలకి దూరంగా తీసుకెళ్లారు.