కుక్కర్ మూత మీద 300 కిలోలు: డిజైన్ కేస్ స్టడీ కిట్ రివ్యూ

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, ఏం చెప్పాలో వాళ్లు చెప్పలేదు. పెట్టెలో ఏమున్నాయో, ధరెంతో మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, దాని జోలికి పోను. ఇంజనీరింగ్ విద్యార్థులకు నిజమైన వస్తువులు, నిజంగా జరిగిన ప్రమాదాలతో డిజైన్ నేర్పే కిట్ ఇది, మొత్తం ఐదు కేసులు. నేను మాత్రం వారమంతా కుక్కర్ దగ్గరే ఉండిపోయాను.

ఇదిగో, ఈ మూత చూడండి. సగానికి కోసి ఇచ్చారు. గాస్కెట్ ఎలా కూర్చుందో, విజిల్ కింద గొట్టం ఎంత సన్నదో కనిపిస్తోందా? పుస్తకంలో మొదటి పేజీ నిండా ఒకటే ప్రశ్న: విజిల్ ఎంత బరువుండాలి? జవాబు ఎక్కడా లేదు. వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిస్తే ఆ గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్లు. అంటే దాదాపు 0.07 చదరపు సెంటీమీటర్లు. లోపల ఆవిరి ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఎక్కువుండాలి, అప్పుడే నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. లెక్కేస్తే 70 గ్రాములొచ్చింది. విజిల్ తీసి త్రాసు మీద పెట్టాను. 72! నిజంగా ఒళ్లు జలదరించిందండీ.

ఇప్పుడు మూత సంగతి. 20 సెంటీమీటర్ల మూతంటే 314 చదరపు సెంటీమీటర్లు. అంటే 300 కిలోలకు పైగా బరువు దాన్ని పైకి తోస్తోంది, మన వంటింట్లో, రోజూ! బయటి మూత కుక్కర్‌లో ఆ తోపుడంతా అంచు చుట్టూ ఉన్న పట్లు మోయాలి. లోపలి మూత కుక్కర్‌లో అదే తోపుడు మూతను అంచుకేసి బిగిస్తుంది, ఆవిరి దిగేదాకా తియ్యనివ్వదు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో కందిపప్పు నురుగు పొంగి, పొట్టు ఆ గొట్టానికి అడ్డుపడింది. సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని పప్పంతా సీలింగుకి అంటుకుంది. కుక్కర్ పాడైందని అమ్మ పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. నిజానికి అది పాడవ్వలేదు. వేడి హద్దు దాటితే కరగడానికే ఆ వాల్వ్‌లో మిశ్రమలోహం బిళ్ల పెడతారు. అది మమ్మల్ని కాపాడింది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ తన ఆవిరి పాత్రకు సేఫ్టీ వాల్వ్ పెట్టింది కూడా పాత్ర పేలకూడదనే. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో నేను పట్టికల పుస్తకం, అదే డేటా బుక్, ముందు పెట్టుకుని కడ్డీలను కలిపే కాటర్ జాయింట్లు, నకిల్ జాయింట్లు ఎన్నో లెక్కలు చేశాను. ఒక్కసారి కూడా మా చేతికి వస్తువు ఇచ్చినవాళ్లు లేరు. తర్వాత డబ్బు కట్టి చూసిన వీడియో కోర్సులోనూ బొమ్మలే.

ఇంత బాగా చేసినవాళ్లు హయత్ రీజెన్సీ కేసును పాడుచేశారు, అదే నా కోపం. 1981 జులై 17న అమెరికాలో కాన్సాస్ సిటీలోని ఆ హోటల్లో వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. అసలు డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే కడ్డీ నాలుగో అంతస్తు దారినీ రెండో అంతస్తు దారినీ మోయాలి. కట్టేటప్పుడు దాన్ని రెండు కడ్డీలు చేశారు, కింది దారి పై దారికే వేలాడింది. దాంతో పై దూలం కింద నట్టు దగ్గర బరువు రెట్టింపైంది. డ్రాయింగులో ఎంత చిన్న మార్పో! విద్యార్థి ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, "ఈ మార్పుకు సంతకం పెడతావా?" అన్న ప్రశ్న ముందు గంటసేపు కూర్చోవాలి. వీళ్లేమో మొదటి పేరాలోనే తప్పెక్కడో చెప్పేశారు. కుక్కర్‌కి చూపించిన ఓపిక ఇక్కడేమైంది?

మిగతా మూడు కేసులు ఫరవాలేదు, మిక్సీది కాస్త సాగదీశారు.

కొనాలా? కొనండి, కుక్కర్ కేసు కోసమే కొనండి. మెకానికల్ రెండో ఏడాదిలో నలుగురికి ఒక కిట్ ఇచ్చినా చాలు. నేను మా చెల్లికి ఇచ్చేశాను, హయత్ కేసులో బొమ్మలు తప్ప మిగతా పేజీలకు క్లిప్పులు పెట్టి. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది: "అన్నయ్యా, ఆ పై నట్టు దగ్గర రెండు దారుల బరువూ పడుతోంది కదా?"