కార్ల కంపెనీ కాలుష్యం తగ్గించాలంటే చెయ్యి ఎక్కడ వేయాలి?

[తెరపై: ఫ్యాక్టరీ కప్పు మీద సోలార్ ప్యానెళ్లు]

వాయిస్: పర్యావరణం మాట రాగానే కార్ల కంపెనీలు ముందుగా చూపించేది వీటినే. పెట్టడం మంచిదే. కానీ అసలు లెక్క ఇక్కడ లేదు.

[తెరపై: అంకెలు ఒక్కొక్కటిగా]

లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే కారు 2 లక్షల కిలోమీటర్లు తిరిగేసరికి అది 30 టన్నులు దాటుతుంది. అదే కారులో 900 కిలోల ఉక్కు ఉందనుకుందాం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆ ఉక్కు తయారవడానికి వెలువడేది సుమారు 2 టన్నులే. అందుకే ఏ కార్లు తయారుచేసి అమ్మాలన్నదే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. ఎలక్ట్రిక్‌కి మారితే మాత్రం లెక్క తిరగబడుతుంది. బ్యాటరీ, ఉక్కు, అల్యూమినియం వాటా పెరిగిపోతుంది.

[తెరపై: పెయింట్ బూత్ లోపల రోబోలు]

ఇక ఫ్యాక్టరీ లోపలికి వద్దాం. అసెంబ్లీ ప్లాంటులో కరెంటు, గ్యాస్ ఎక్కువగా మింగేది పెయింట్ షాప్. రంగు కోసం కాదు, గాలి కోసం! బూత్‌లో గాలి దాదాపు 23 డిగ్రీల దగ్గర, 65 శాతం తేమతో నిలకడగా ఉండాలి. పాత పద్ధతిలో ఎగిరిపడిన రంగును కింద పారే నీళ్లు పట్టుకుంటాయి. దాంతో గాలి తడిసిపోతుంది, బయటికి వదిలేసి కొత్త గాలిని మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేయాలి. నీళ్ల బదులు సున్నపురాయి పొడి ఫిల్టర్లు పెడితే 80 శాతానికి పైగా గాలిని తిప్పి వాడుకోవచ్చు. ఒక జాగ్రత్త: తిరిగే గాలిలో, రంగును పల్చన చేసే సాల్వెంట్ ఆవిరి పేరుకుంటుంది. సెన్సర్లు, కొంత తాజా గాలి లేకపోతే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

[తెరపై: పెయింట్ పొరల అడ్డుకోత]

ఇంకో దారి, రంగుకు ముందు వేసే మధ్య పొర అయిన ప్రైమర్‌నీ దాని ఓవెన్‌నీ తీసేయడం. చాలా ఆదా అవుతుంది, కానీ తేడా కొట్టేది కూడా ఇక్కడే. అడుగున, తుప్పు పట్టకుండా కరెంటుతో అంటించే పొర ఈ-కోట్. అది ఎపాక్సీ అనే రెసిన్, ఎండకు తట్టుకోదు. ఇదివరకు అతినీలలోహిత కిరణాలను ఆపింది ప్రైమరే. ఆ పని ఇప్పుడు మొదటి రంగు పొర చేయాలి. అది ఎక్కడైనా పల్చబడితే కిరణాలు కిందికి దిగి ఈ-కోట్ పైభాగం పొడిపొడి అవుతుంది. కొన్నేళ్లకు బానెట్ మీద రంగు రేకుల్లా లేచిపోతుంది. మళ్లీ రంగు వేయాల్సి వస్తే చేసిన ఆదా అంతా గాలికి పోయినట్టే. కాబట్టి అంచులు, మూలల దగ్గర మందం కొలవకుండా ప్రైమర్ జోలికి వెళ్లొద్దు.

[తెరపై: కరెంటు మీటరు]

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఉత్పత్తి లేని ఆదివారం రాత్రి మీటరు చూడండి. ఫ్యాన్లు, ఓవెన్లు, కంప్రెసర్లు ఊరికే ఎంత లాగుతున్నాయో తెలుస్తుంది. 7 బార్ ఒత్తిడిలో ఉన్న గాలి పైపుకు 3 మిల్లీమీటర్ల చిల్లు పడిందంటే, దాని కోసమే కంప్రెసర్ 3 నుంచి 4 కిలోవాట్లు ఖర్చు పెడుతోందన్నమాట.

[తెరపై: ప్రెస్ షాప్, కన్వేయర్ మీద ముక్కలు]

తలుపులు, కప్పులు కోశాక రేకులో మూడో వంతుకు పైగా స్క్రాప్‌గా మిగులుతుంది. ఉక్కును అయస్కాంతంతో వేరుచేయొచ్చు. అల్యూమినియంతోనే చిక్కు. 5000, 6000 అనే వేర్వేరు మిశ్రమాల శ్రేణుల ముక్కలు ఒకే తొట్టెలో కలిస్తే మళ్లీ బాడీ రేకుగా మార్చడం కష్టం, చివరికి నాసిరకం పోతపనికి వెళ్తాయి. ప్రెస్ దగ్గరే వేరు చేస్తే కరిగించడానికి, కొత్తగా తయారుచేసేందుకు పట్టే శక్తిలో దాదాపు 5 శాతం చాలు.

[తెరపై: ష్రెడర్‌లోకి వెళ్తున్న పాత కారు]

పాత కార్ల ఉక్కుకు రాగి శత్రువు. వైరింగ్ తీయకుండా, కారును ముక్కలు చేసే ష్రెడర్‌లో వేస్తే తీగ ముక్కలు ఉక్కులో కలిసిపోతాయి, కరిగించాక వేరుచేయడం దాదాపు అసాధ్యం. వేడిగా రోలింగ్ చేసేటప్పుడు పైన ఇనుము ఆక్సీకరణం చెందుతుంది. మిగిలిన రాగి ద్రవమై స్ఫటికాల మధ్యకు చొరబడి ఉపరితలాన్ని చీలుస్తుంది. ఇళ్ల కడ్డీలు 0.4 శాతం రాగిని భరిస్తాయి, బాడీ రేకుకు 0.06 శాతం దాటినా ఇబ్బందే.

యూరప్‌లో 2015 నుంచి పాత కారు బరువులో 85 శాతం తిరిగి వాడాలి లేదా రీసైకిల్ చేయాలి. అది బరువు లెక్క. రాగి కలిసిన ఉక్కు కూడా అందులో పాస్ అవుతుంది. అందుకే వైరింగ్ మొత్తాన్ని ఒకే లాగుడుతో బయటికి తీసేలా క్లిప్పులు, దారి అమర్చడం డిజైన్ విభాగం పని, స్క్రాప్ యార్డుది కాదు.