బేస్ గిటార్ నెక్‌ల ఎల్ఈడీలు: జిగురు పెట్టకముందే తేలాల్సిన సంగతులు

హోస్ట్: నల్లగొండ, పాలమూరు దిక్కు చర్చి బ్యాండ్లల్ల, పెండ్లి ఆర్కెస్ట్రాలల్ల బేస్ గిటార్ వాయించేటోళ్లందరికీ ఉన్న ఇబ్బందే ఇది. స్టేజీ లైట్లు బంద్ అయితే 5వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగ ఉండే లోహపు కమ్మి) ఏదో, 7వది ఏదో కనవడదు. అన్నా, సైడ్ డాట్లల్ల, అంటే నెక్ పక్కన ఫ్రెట్లను గుర్తువట్టే చుక్కలల్ల, ఎల్ఈడీలు ఎట్ల పెడ్తరు?

గెస్ట్: కొత్త నెక్ అయితే, ఫింగర్‌బోర్డు (నెక్ మీద తీగల కింద ఉండే పలక) అతికించకముందే దాని అడుగున గాడి తీయాలె తమ్మీ. బోర్డు మందం 6 మి.మీ. అనుకో. ఫ్రెట్ కోత మీదికెల్లి 3 మి.మీ. దాంక దిగుతది. అందుకే మన గాడి కిందికెల్లి 2 మి.మీ. దాటొద్దు. దాటితే ఫ్రెట్ కొట్టేటప్పుడు దాని లోహం వైరును కోస్తది, షార్ట్ అయితది. పక్కకెల్లి 2 మి.మీ. రంధ్రం, అందుల వెలుగును బయటికి తెచ్చే అక్రిలిక్ కడ్డీ ముక్క, దాని లోపలి కొసకు 0603 అనే బుల్లి సైజు ఎల్ఈడీ. వైరు ఎనామిల్ పూత రాగిది, సన్నది.

హోస్ట్: మొత్తం ఎన్ని పడ్తయి?

గెస్ట్: డాటుకొకటి లెక్కన 21 ఫ్రెట్ల బేస్‌కు 10. 12వ ఫ్రెట్ కాడ రెండు కదా. నీలం రంగైతే రెండేసి సిరీస్‌ల కలిపి, జతకొక 2.2 కిలో ఓమ్ రెసిస్టర్. 9 వోల్టుల బ్యాటరీ మీద జతకు 1.4 మిల్లీయాంపులు, అన్నిటికి 7.

హోస్ట్: గింత తక్వ కరెంటుకు కనవడ్తదా?

గెస్ట్: చీకట్ల మస్తు. ఇంకా పెంచితే కండ్లల్ల కొట్టి తీగలే కనవడయి. వెలుగు తగ్గియ్యాలంటే రెసిస్టర్ పెంచుండ్రి. పీడబ్ల్యూఎం డిమ్మర్ మాత్రం వద్దు. అది సెకనుకు వందల మాట్ల ఆర్పి వెలిగిస్తది, ఆ కరెంటు అలజడిని పికప్ (తీగల కదలికను కరెంటుగ మార్చేది) పట్టుకుంటది, ఆంప్‌ల కుయ్ మంటది. గిటార్ లోపలి ప్రీఆంప్ (సౌండు సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) బ్యాటరీకి గూడ ఈ లైట్లను కలపొద్దు. వేరే బ్యాటరీ, వేరే స్విచ్.

హోస్ట్: ఎక్కువగ చెడిపోయేది ఏడ?

గెస్ట్: అతికిచ్చేటప్పుడే. క్లాంప్ బిగిస్తే వైరు నలిగి పూత గీసుకపోతది, టాంకా ఊడ్తది. అందుకే లైట్లు వెలిగించి పెట్టే క్లాంపులు బిగియ్యాలె. ఒక జత ఆరిందంటే జిగురు పచ్చిగున్నప్పుడే బోర్డు లేపి సరిచేస్తం. ఎండినంక అయితే బోర్డు ఊడదియ్యాల్సిందే. మన ఎండలకు బండిల పెట్టిన గిటార్‌ల చెక్కకు వాడే పసుపు జిగురు మెత్తవడ్తది, గందుకే నేను ఎపాక్సీ వాడమంట. జిగురు ఎండినంక బయటికొచ్చిన కడ్డీ కొసలు కోసి, 400 నుంచి 1000 నంబరు దాంక సాండ్‌పేపర్ పట్టాలె.

హోస్ట్: బోల్ట్-ఆన్ నెక్, అంటే బోల్టులతోని బిగించింది అయితే?

గెస్ట్: నెక్ మడిమె కాడ, అంటే నెక్ బాడీకి కలిసే చోట, చిన్న కనెక్టర్ పెట్టుండ్రి. లేకుంటే నెక్ విప్పినప్పుడల్ల వైరు కోసి మళ్ల టాంకా వెయ్యాలె. పాత బేస్‌కు ఇంత పని పెట్టుకోకుండ్రి. ఉన్న డాట్లను డ్రిల్‌తోని తీసేసి లుమిన్‌లే అనే, వెలుగు పట్టుకొని చీకట్ల మెరిసే డాట్లు దిగ్గొడ్తే చాలు. వైరు లేదు, బ్యాటరీ లేదు. స్టేజీ ఎక్కేముందు యూవీ టార్చి పట్టాలె, అంతే.